టోపీల షాపులో అమ్మ

అమ్మ షాపులోకి వచ్చేసింది! డెల్ఫీన్ చేతిలోని టోపీ పెట్టె జారి కౌంటర్ మీద పడింది. కేప్‌టౌన్‌లో తమలాంటి మిశ్రమజాతివాళ్ళలో ఒకరు తెల్లవాళ్ళలో కలిసిపోతే ఇంటివాళ్ళు వీధిలో ఎదురుపడినా చూపు తిప్పుకుని పోతారు, పలకరిస్తే ఆ కలిసిపోయినవాళ్ళ బతుకు పోతుంది మరి! రెండేళ్ళుగా అమ్మ ఒక్కసారి కూడా ఆ కట్టుబాటు తప్పలేదు. అలాంటిది ఇవాళేంటి?

డెల్ఫీన్‌ది నాన్న పోలిక, పాలరంగు. సర్కారు కార్డులో ‘తెల్లజాతి’ అని రాయించుకుంది. ఈ ఉద్యోగం, తెల్లవాళ్ళ పేటలో ఆ చిన్న గది, అన్నీ ఆ కార్డు పుణ్యమే. అమ్మ కార్డులో, చెల్లి రూబీ కార్డులో మాత్రం ‘కలర్డ్’, అంటే మిశ్రమజాతి, అని ఉంది. శనివారం అమ్మావాళ్ళ పేట డిస్ట్రిక్ట్ సిక్స్‌లో రూబీ పెళ్ళి. వెళ్తే ఎవడో ఒకడు చూసి సర్కారుకి చెప్తాడు, కార్డు పోతుంది. వెళ్ళకుండా ఎలా ఉండడం? వారం నుంచీ డెల్ఫీన్‌కి కూర్చుంటే కూర్చోబుద్ధి కాదు, నిలబడితే నిలబడబుద్ధి కాదు.

“ఏం కావాలి?” యజమానురాలు మిసెస్ క్రోన్యే లోపలి నుంచే అరిచింది.

“టోపీ, మేడమ్. మా చిన్నదాని పెళ్ళి,” అంది అమ్మ.

“పెట్టి చూడాలంటే రూలు తెలుసుగా? డెల్ఫీన్, ఆ స్టాకింగ్ ఇవ్వు.”

తెల్లవాళ్ళు కానివాళ్ళ జుట్టు టోపీకి తగలకూడదు, ముందు తలకి పాత నైలాన్ స్టాకింగ్, ఆ పొడవాటి మేజోడు, తొడుక్కోవాలి. అమ్మ చేతిలోంచి స్టాకింగ్ కింద పడింది. డెల్ఫీన్ వంగి తీసింది, అంతే, ఆ తర్వాత వేళ్ళు వాటంతటవే కదిలిపోయాయి! అమ్మ జుట్టుని తల చుట్టూ గుండ్రంగా తిప్పి, అరచేత్తో అదిమి, స్టాకింగ్ లాగి, కొస ముడేసి లోపలికి దోపేసింది. ఆదివారం చర్చికి జుట్టు సాపుగా ఉండాలని డిస్ట్రిక్ట్ సిక్స్‌లో ప్రతి ఆడపిల్లా శనివారం సాయంత్రం చేసే పనే అది. తెల్లపిల్లకి ఆ పని ఎందుకు వస్తుంది?

మిసెస్ క్రోన్యే బయటికొచ్చి కళ్ళజోడు సర్దుకుంది. “ఇదెక్కడ నేర్చుకున్నావే?”

డెల్ఫీన్ గబుక్కున చేతులు వెనక్కి లాక్కుంది.

అమ్మ పకపకా నవ్వేసింది. “నా దగ్గరే మేడమ్! వీళ్ళింట్లో ఆయాని నేను. చంకనేసుకుని పెంచాను. నా జుట్టే ఈవిడ ఆటబొమ్మ, ఎంత కసిరినా వదిలితేనా!”

“అదా సంగతి!” మిసెస్ క్రోన్యే మొహం విప్పారింది. “మా ఆయా ఎల్సీ కూడా నన్నిలాగే పెంచింది, దాని వీపు మీంచి దిగేదాన్నే కాదు. ఏమే, మీ ఆయాని పలకరించవా? అలా బొమ్మలా నిలబడ్డావు?”

“ఎలా... ఎలా ఉన్నావ్, లీనా?” కన్నతల్లిని పేరు పెట్టి పిలిచేసరికి డెల్ఫీన్‌కి చెవులు కాలిపోయాయి.

“నాకేం, గుండ్రాయిలా ఉన్నా. మీరే చిక్కిపోయారు చిన్న మేడమ్. తింటున్నారా, అద్దం చూసుకుంటూ కూర్చుంటున్నారా?” అమ్మ నీలం టోపీ పెట్టుకుని అద్దంలోంచే కూతురి వైపు చూసింది. “శనివారం రండి. రూబీ మీ పేరే కలవరిస్తోంది. మీకిష్టమని పిండి వేయించి, పాకంలో ముంచి కూసిస్టర్లు చేస్తున్నా.”

“వెళ్ళిరావే, ఏం పోతుంది!” అంది మిసెస్ క్రోన్యే. “ఎల్సీ కూతురి పెళ్ళికి నేను వెళ్ళలేదూ? కాసేపు కూర్చుంటే వాళ్ళకదో గొప్ప.”

వెళ్ళొచ్చు! ఎవరు చూసినా చెప్పడానికి ఇప్పుడో జవాబుంది! డెల్ఫీన్ గుండె ఎగిరి గంతేసింది, అంతలోనే గతుక్కుమంది. వెళ్ళి ఎక్కడ కూర్చోవాలి? రూబీని వాటేసుకోవచ్చా?

“తలుపు దగ్గర మంచి కుర్చీ వేయిస్తాను,” అమ్మ గొంతు ఎక్కడా తొణకలేదు. “మీకో కప్పు విడిగా తీసిపెడతాను చిన్న మేడమ్. మావాళ్ళెవరూ దాన్ని ముట్టుకోరు.”

డెల్ఫీన్ నీలం టోపీని పెట్టెలో పెట్టి దారం కట్టింది. ఊడిపోయింది. మళ్ళీ కట్టింది.

“వస్తాను, లీనా,” అంది.

ఈసారి ఆ పేరు ఎక్కడా తడబడకుండా వచ్చేసింది. అదే ఆమెని భయపెట్టింది.