పత్తిచెక్క లారీ

మోకాలెత్తు గడ్డిలో నిలబడ్డ దూడ ఆకలితో కూలిపోవడం ఒతీలియా కళ్లారా చూసింది.

దాని కడుపు నిండుగానే ఉంది. చలికి ఎండిన గడ్డిలో సారం ఉండదు. రోజూ ఇంత పత్తిచెక్క పడితేనే ఎదిగే దూడకు ఆ గడ్డి ఒంటబడుతుంది. సరిహద్దు రాష్ట్రమైన చివావాలో ఆ ఉమ్మడి బీడు మీద బతికేవాళ్లందరికీ తెలిసిన సంగతే. కానీ పత్తిచెక్క తెచ్చే లారీ ఒక్కటే. అది దోన్ అబెలార్దోది. దూడల్ని కొనేదీ ఆయనే.

చలికాలమంతా తెచ్చిన మేత ఉన్నట్టుండి ఆపేశాడు. తను చెప్పిన ధరకు దూడల్ని ఇచ్చేయమన్నాడు. ఇలా బక్కచిక్కిన దూడల్ని కొని, కంచె అవతల తన బీడులో మేపి, బలిశాక దేశ సరిహద్దు దాటించి అమ్ముకుంటాడు.

బడి ముంగిట్లో ఊరు కూడింది. చచ్చేకంటే అమ్ముకోవడం మేలని చాలామంది మగవాళ్లు గొణిగారు. ఒతీలియా మరిది రెఫూహియో ఆ మాట పైకే అన్నాడు.

"ఈ ఏడాది దూడల్నిస్తావు, వచ్చే ఏడు బీడే అడుగుతాడు. ఆ పై ఏడు నీ మీసాలిస్తావా మరిదీ?" అంది ఒతీలియా.

నవ్వులు లేచాయి. మేత వచ్చేదాకా ఒక్క దూడా బీడు గేటు దాటకూడదని తీర్మానించారు.

తెల్లారి గేటుకు అడ్డంగా అందరూ కూర్చున్నారు. లారీ వచ్చింది. అబెలార్దో దిగనైనా లేదు. డ్రైవరు హారన్ కొట్టాడు.

అప్పుడు గుర్తొచ్చింది వాళ్లకు. మేత పోసే ముందు డ్రైవరు రోజూ అలాగే కొట్టేవాడు. గుట్టలెక్కి దూడల్ని తోలుకొచ్చే పని తప్పిందని అప్పట్లో సంబరపడ్డారు.

లోయల్లోంచి దూడలు తూలుతూ పరుగెత్తుకొచ్చాయి. ఆడవాళ్లు శాలువాలు విసిరారు, పేర్లు పెట్టి పిలిచారు. ఒక్కటీ ఆగలేదు. కంచె తీగ తెగింది. రెఫూహియో తలొంచుకుని వెళ్లి దూడలెక్కేందుకు లారీకి చెక్క పలక ఆనించాడు.

"మనం పెంచినవే మనల్ని తొక్కుతున్నాయక్కా," అంది పక్కింటి చోనా.

"ఆకలితో ఉన్నవాటి మీద కోపమెందుకే," అంది ఒతీలియా. ఆమె చూపు మరిది మీదుంది.

లేచి వెళ్లి లారీ చక్రాల ముందు కూర్చుంది. అబెలార్దో పిలిపించిన పోలీసులు అంతకుముందే వచ్చి ఉన్నారు. జబ్బలు పట్టి ఈడ్చి ఆమెను జీపులో పడేశారు.

దూడలు ఎక్కుతూనే ఉన్నాయి. రెఫూహియో దూడ పలక సగంలో మోకాళ్ల మీద కూలింది. ఇది పనికిరాదని డ్రైవరు కాలితో నెట్టేశాడు. అది లేవలేదు. రెఫూహియో దాని మెడ మీద చెయ్యేసి నిమిరాడు.

చక్రాల ముందు ఇప్పుడు చోనా కూర్చుని ఉంది. అతను వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు. వెనకే ఇంకొందరు.

లేవమని పోలీసు లాఠీతో పొడిచాడు.

"జీపులో మా వదిన పక్కన చోటుందా?" అన్నాడు రెఫూహియో.