పోపు వేగుతున్న ఇల్లు

"పోపు గట్టిగా పెట్టు. ఈదిలోకి ఇనబడాల" అని అరుగు మీంచే కేకేసి హోటలుకి వెళ్ళిపోయాడు బావ.

పెట్టాను. ఆవాలు చిటపటలాడాయి, ఎండుమిరపకాయలు నల్లబడ్డాయి, ఘాటు వీధిదాకా కొట్టింది. అది పెరటిగదిలోకి పోకుండా మధ్యతలుపు కిందున్న సందులో ముందే తడిగుడ్డ కుక్కాను. ఆ గదిలో వేపాకుల పక్క మీద నా కూతురు పైడి పడుకుని ఉంది. దానికి ఐదేళ్ళు. ముఖం, వీపు, చివరికి అరికాళ్ళు కూడా కురుపులతో నిండిపోయాయి. పోపు చప్పుడు వినగానే "అమ్మా, పప్పన్నం" అంటుంది. నోట్లో కూడా పుళ్ళే, మింగలేదు. అయినా అడుగుతుంది.

అమ్మవారు వచ్చిన ఇంట్లో పోపు పెట్టకూడదు. బట్టలు ఉతక్కూడదు, తల దువ్వుకోకూడదు, బయటివాళ్ళని గడప తొక్కనివ్వకూడదు. మా రాజాంలో ఏ ఇంట్లో పోపు చప్పుడు ఆగిపోయిందో ఆ ఇంటి సంగతి వీధి మొత్తానికి ఇట్టే తెలిసిపోతుంది. గుమ్మానికి వేపమండలు కట్టేలోపే జనం అటువైపు నడవడం మానేస్తారు. అందుకే బావకి ఈ తెలివి పుట్టింది. పోపు వేగుతూ ఉంటే మా ఇంట్లో అమ్మవారు లేనట్టే. బట్టలు తీగ మీద ఆరుతూ ఉండాలి, నేను జడ వేసుకుని బావి దగ్గర నలుగురికీ కనిపిస్తూ ఉండాలి.

బావ అంటే నా మేనత్త కొడుకు, నా మొగుడు. బస్టాండు దగ్గర ఆయనకి టిఫిను హోటలుంది. బోర్డు మీద గణపతిరావు అని ఆయన పేరు. ఇంట్లో పిండి రుబ్బేదీ, చట్నీ నూరేదీ, పప్పు ఉడికించేదీ నేను. జీతం ఎంత అని ఎవరైనా అడిగితే నవ్వుతారు. ఇంటి ఆడదానికి జీతమేటి అంటారు. పైడి ఒళ్ళు తుడిచిన ఈ చేతులతోనే ఇప్పుడు పిండి రుబ్బుతున్నాను. బూడిదతో తోముకుని తోముకుని వేళ్ళ మీద చర్మం లేచిపోయింది. ఆ ఇడ్లీలు ఏ బస్సెక్కి ఏ ఊరు వెళ్తాయో, ఏ పిల్ల నోట్లో పడతాయో అనుకుంటూ మళ్ళీ బూడిద అందుకుంటాను.

ఈ వేసవిలో జిల్లాలో మశూచి కేసులు పెరుగుతున్నాయని పేపర్లో వస్తూనే ఉంది. పంచాయతీవాళ్ళు టముకు వేయించారు. సంత ఆపేశారు. డేరా సినిమా మూయించారు. జబ్బున్న ఇంటివాళ్ళు చెప్పి తీరాలన్నారు, ఆ ఇంటివాళ్ళు తినుబండారాలు అమ్మకూడదన్నారు. హోటల్లో ఎవరూ నమ్మలేదు. అక్కడి మాటలన్నీ బావ అన్నం తింటూ అప్పజెప్పేవాడు. ధాన్యం వ్యాపారం జగన్నాధంగారు "నాలుగు కురుపులు లేస్తే నాలుగు కేసులని రాస్తన్నారు. మన సంత మూయించి పక్కూరి సంత నింపడానికే ఇదంతాను" అన్నారట. ఇంకెవరో "ఆటలమ్మకే పెద్దమ్మోరని పేరెట్టి లెక్క పెంచుతున్నారు. లెక్క పెరిగితేనే కదా టీకాలోళ్ళకి జీపులొచ్చేది" అన్నారట. అందరికంటే గట్టిగా మా బావే అన్నాడట: "అన్నన్ని కేసులుంటే మన ఈదిలో ఒక్కటి సూపించమను."

ఆ ఒక్కటీ ఇప్పుడు నా పెరటిగదిలో ఉంది. అది ఏ లెక్కలోనూ లేదు. ఇలాంటి మధ్యతలుపులు ఈ ఊళ్ళో ఇంకెన్ని ఉన్నాయో, వాటి వెనక ఎంతమంది తల్లులు నోట్లో కొంగు కుక్కుకుని కూర్చున్నారో. లెక్క పెంచేశారని అక్కడ నవ్వుతున్నారు. సగం కూడా రాయలేదురా నాయనా అని నాకు అరవాలని ఉంటుంది.

పైడికి జబ్బు రాకముందు టీకాల సత్యరాజు మా గుమ్మంలోకి రెండుసార్లు వచ్చాడు. వేయిద్దాం అత్తా అన్నాను. "నోర్ముయ్యి. కిరస్తానపోడు అమ్మోరి మీద సూది పొడుస్తానంటే పిల్లని సూపిస్తావా? ఆడపిల్ల సేతి మీద ఆ మచ్చలేటి?" అని అత్త పైడిని బియ్యం డ్రమ్ము వెనక కూచోబెట్టి, ఇంట్లో పిల్లల్లేరని చెప్పేసింది. నా చిన్నప్పుడు మా అమ్మా నన్నిలాగే దాచింది. నా చేతి మీదా మచ్చ లేదు. పైడిని ఎత్తి పక్క మార్చిన ప్రతిసారీ నా నుదురు ముట్టుకుని చూసుకుంటాను, వేడిగా ఉందా అని. పొయ్యి దగ్గర కూర్చున్నదాన్ని, ఎప్పుడు ముట్టుకున్నా వేడిగానే ఉంటుంది.

పోపు సంగతి విన్నప్పుడు అత్త గుండెలు బాదుకుంది. కొడుకు కళ్ళెర్రజేసేసరికి తగ్గిపోయింది. తర్వాత నా దగ్గరికొచ్చి మెల్లగా "ఎవులు పెట్టమన్నారో అమ్మోరికి అక్కర్నేదే. మూకుడు కాడ ఎవులి సెయ్యుందో అదే సూస్తాది" అంది. చెప్పేసి, తను మాత్రం పోపు వేళకి పక్కవీధిలో చుట్టాలింటికి పోతుంది. అమ్మవారి లెక్కలో కూడా తప్పు నాదేనన్న మాట. ఆవాలు వేసేటప్పుడు తల్లీ, నన్ను తీసుకుపో, దాన్ని వదిలెయ్ అని మొక్కుకుంటాను. మర్నాడు మళ్ళీ ఆవాలు వేస్తాను. నా మొక్కు ఆవిడకి వినబడుతుందో, ఆ చప్పుడే వినబడుతుందో.

బావ మాత్రం పైడికి కురుపులు లేచినప్పటినుంచీ అరుగు దాటి లోపలికి రాలేదు. అక్కడే పడక, అక్కడే తిండి. కంచం గడప మీద పెట్టి నేను వెనక్కి జరిగాకే తీసుకుంటాడు. ఆటలమ్మే కదా, తగ్గిపోద్ది అంటాడు. కూతురు "అయ్యా" అని పిలిస్తే, చుట్ట ముట్టించుకుని వీధిలోకి నడుస్తాడు.

ఇవాళ పోపు పెట్టేశాక ఆయన బట్టలు ఉతికాను. చొక్కా ఎడమ చేతి మీద, భుజానికి కాస్త కిందగా, పచ్చగా గుండ్రటి మరక ఉంది. మధ్యలో ఎండిపోయిన నెత్తురు. సబ్బు రాయబోయినదాన్ని ఆగిపోయాను. టీకా పొంగి రసి కారితే చొక్కాకి ఇలాగే అంటుకుంటుంది. మా వీధిలో టీకా వేయించుకున్న ఎవరి బట్టలు చూసినా అదే మరక. పొంగడానికి వారం దాటాలి. పైడికి జ్వరం వచ్చి ఇవాళ్టికి ఏడో రోజు. అంటే పైడి ఈ పెరట్లో గెంతులేస్తున్న రోజుల్లోనే ఈయన వెళ్ళి చెయ్యి చాపి వచ్చాడు. ఆ తర్వాత కూడా హోటల్లో కూర్చుని లెక్కలన్నీ అబద్ధాలన్నాడు. నాతో ఒక్కమాట అనలేదు. దారిలోనే కదా ఇల్లు, ఆ సత్యరాజుని వెంటబెట్టుకొచ్చి ఇదిగో నా కూతురు అని చూపించలేదు. కోపం వస్తే అరుస్తానేమో అనుకున్నాను. కోపం రాలేదు. ఇన్నేళ్ళు ఎవరి పక్కన పడుకున్నానో అని భయం వేసింది. చొక్కా ఉతికి, పిండి, ఆరేశాను.

మధ్యాహ్నం బావ చట్నీ గిన్నె కోసం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అత్త కూడా అప్పుడే తిరిగొచ్చి పెరట్లోకి వెళ్ళింది. అప్పుడొచ్చింది పక్కింటి తాయారు, చంటిబిడ్డని గుడ్డలో చుట్టుకుని. తొలి కానుపు. బిడ్డకింకా పేరు కూడా పెట్టలేదు.

"వదినా, మా ఎదురింటికి వేపమండలు కట్టీసినారు. మా అత్తకి పొద్దున్నుంచీ జొరం. ఈ గుంటని ఎక్కడెట్టుకోవాలో తెలవట్నేదు. మీ ఇంట్లో రోజూ పోపు ఏగుతున్నాది కదా, ఆ వాసనకే దైర్నంగా ఒచ్చినాను. ఈ ఈదిలో మీదొక్కటే సల్లని ఇల్లు. పగలంతా నీ కాడ ఉంచుకో వదినా" అంటూ గడప ఇవతలికి వంగి బిడ్డని నా చేతుల్లోకి చాపింది.

పాలవాసన నా ముక్కుకి తగిలింది. బిడ్డ నిద్రలోనే పెదాలు చప్పరిస్తోంది. ఇప్పుడే పైడి వీపు కింద వేపాకులు మార్చి వచ్చాను. నా చీరకి అంటుకున్న రసి ఇంకా తడిగానే ఉంది.

"తీసుకోయే, ఏటి సూస్తావు?" అన్నాడు బావ అరుగు మీంచి.

ఆ మాట నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాను.

"ఒద్దు తాయారూ. ముట్టుకోకు, గుమ్మం దిగిపో. మా పైడికి పెద్దమ్మోరు పోసింది. ఈ పోపంతా దొంగపోపు. బిడ్డనెత్తుకుని సత్యరాజు కాడికి పరుగెత్తు. ముందు దానికి, తరవాత నీకు. అట్నుంచి అటే మా ఇంటికి రమ్మని సెప్పు. ఇక్కడొక కేసుందని రాసుకోమను. నాకింకా టీకా పడనేదని సెప్పు."

తాయారు ముఖం తెల్లబోయింది. బిడ్డని గుండెలకి అదుముకుని ఒక్క అంగలో వీధిలోకి దిగి పరుగెత్తింది.

బావ లేచి నా మీదికొచ్చాడు. చెయ్యెత్తాడు. చెంప మండకముందే కళ్ళు మూసుకున్నాను, అలవాటు. దెబ్బ పడలేదు. కళ్ళు తెరిచి చూస్తే ఆ చెయ్యి నా ముఖానికి జానెడు దూరంలో ఆగిపోయి ఉంది. ఆయన నా చీర మీది తడి చూస్తున్నాడు.

"టీకా ఏయించుకున్నావు కదా బావా. మరి నన్ను ముట్టుకోడానికి భయమేటి?"

"టీకా ఏటే?" అంటూ అత్త వెనకనుంచి పరుగున వచ్చింది. కొడుకు వైపు చూసింది. ఆయన ఎత్తిన చెయ్యి దించి, దాంతో ఎడమ భుజం కప్పుకున్నాడు.