కానుగ డీజిల్

మా తమ్ముడు వివేక్‌కు చదువు అబ్బింది కానీ బుద్ధి అబ్బలేదు. అక్కను కాబట్టి అనే హక్కు నాకుంది. వరంగల్‌లో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేస్తున్నాడు. సెలవులకు తొర్రూరు దగ్గరి మా ఊరికొచ్చి, కానుగ నూనెతో డీజిల్ చేస్తానని పశువుల కొట్టంలో మకాం పెట్టాడు. కొట్టం ఎలాగూ ఖాళీయే. మా మల్లిగాడు చచ్చిపోయి రెండేళ్లయింది.

మల్లిగాడు మా ఎద్దు. ముసలిదై కాడి మోయలేకపోతే సంతకు తోలెయ్యమని అందరూ అన్నారు. బాపు వినలేదు. పని చెప్పకుండా ఊరికే మేపాడు. చచ్చాక చేను గట్టున గొయ్యి తీయించి, కొత్త బట్ట కప్పి, పసుపు కుంకుమ చల్లి పూడ్చాడు. అమ్మ పోయినప్పుడు కూడా ఇంత ఏడవలేదని మేనత్త దెప్పితే తల దించుకున్నాడు.

వివేక్ నూనెలో మిథనాల్ పోసి, ఏదో తెల్లటి పొడి వేసి, కాచి, కలిపి, వడగట్టాడు. జిడ్డంతా అడుగున దిగాక పైన తేరినదాన్ని టిల్లర్‌లో పోస్తే ఒక్క గుంజుకే స్టార్టయింది. బాపు పకపకా నవ్వాడు. అబద్ధమెందుకు, నాకూ గర్వంగానే అనిపించింది.

"గా పొడి ఏంది బిడ్డా?" అన్నాడు బాపు, వడగట్టిన బట్టలో మిగిలినదాన్ని చూస్తూ.

"అసలు పని జేసేది గదే బాపు. ఎముకను బాగ కాలిస్తే గిట్లయితది. నూనెను డీజిల్ జేస్తది గని, అది మాత్రం అరగదు. కడిగి, మళ్ల కాల్చి, మళ్ల వాడుకోవచ్చు."

"దేని ఎముక?"

వివేక్ ముఖం వెలిగిపోయింది. బాపు మురిసిపోతాడనే ఈ మాట దాచిపెట్టుకున్నాడు పిచ్చి వెధవ.

"మన మల్లిగాడిదే! సచ్చినంక గూడ మన చేను దున్నుతున్నడు సూడు."

బాపు టిల్లర్ ఆపేశాడు.

"బతికినన్నొద్దులు ముల్లుగర్రతోని పొడిసి పని జేయించుకున్న. ఇగ చాలని పండవెట్టిన. మళ్ల లేపినవా కొడుకా?"

తిట్టినా బాగుండేది.

"కొమ్ములేవి?"

"అవి పనికిరావు బాపు. తుమ్మకంపల పారేసిన."

బాపు చెప్పులు కూడా తొడుక్కోకుండా చేనుకు నడిచాడు. వెనకే మేమిద్దరం ఉరికాం. కంపలో ఒట్టి చేతులు పెట్టి వెతుకుతుంటే ముళ్లు గీరి రక్తం కారుతోంది. వద్దంటే వినడు. నాకు ఏడుపు ఆగలేదు. పొద్దుగూకే దాకా వెతికితే ఒక్క కొమ్మే దొరికింది. అదీ వివేక్‌కే.

బాపు వాడి ముందుకొచ్చి దోసిలి పట్టాడు.

"పనికిరాదంటివి గద బిడ్డా. గిదన్న నాకియ్యి."