లెక్కలోకి రాని అవుటు

మా ఆయన ఆట ప్యాంటు ఉతకాలంటే నాకు ఒళ్ళంతా కంపరం. తెల్ల ప్యాంటు, కుడి తొడ మీద అరచెయ్యంత జిడ్డు మరక. మట్టి ఒక్కటే అయితే సబ్బుకు పోతుంది. ఇది మట్టీ ఉమ్మీ కలిసిన మరక. వీళ్ళు ఆడేది రబ్బరు బంతితో. రబ్బరు బంతికి మెరుపెక్కడిది? అయినా టీవీలో చూసింది చూసినట్టు బంతి మీద ఉమ్మి తొడకేసి రుద్దుతారు. ఆ ఉమ్మి మర్నాడు నా చేతులకు అంటుతుంది. మిషన్‌లో వేస్తానంటే "బట్ట పాడవుతుంది, చేత్తో ఉతుకు" అన్నారు. నా చేతులు పాడవుతాయేమోనన్న అనుమానం ఆయనకు ఇంతవరకు రాలేదు.

మొన్న మ్యాచ్ రోజున రెండు జట్లకూ సరిపడా నిమ్మకాయలు పిండుతుంటే, పగిలిన వేళ్ళు భగ్గున మండుతున్నాయి. ఆయన గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటూ "జట్టులో నీ పేరిచ్చాను" అన్నారు.

మేమిద్దరం ఒకే ఆఫీసు, ఒకే సెక్షను. ఊరికంతా నీటి బిల్లులు తయారుచేస్తాం. ఆయన సెక్షన్ హెడ్డు, నేను ఆయన కింద గుమాస్తాను. ఏటా మా బిల్లుల వాళ్ళకీ స్టోర్సు వాళ్ళకీ ఒక సాయంత్రం స్నేహపూర్వక మ్యాచ్ ఉంటుంది. ఈసారి పెద్దసారుకి ఫొటోలో ఆడవాళ్ళు కనపడాలట. జట్టుకొకరు ఉండి తీరాలన్నారట. రిసెప్షన్ అమ్మాయి తన వల్ల కాదని తెగేసి చెప్పడంతో ఈయన "మా ఆవిడ ఉందిగా" అనేశారు, ఇంట్లో ఇంకో కుర్చీ ఉందిగా అన్నట్టు.

"నాకు ఆట రాదు కదండీ."

"రానక్కర్లేదు. ఊరికే నిలబడు, రమ్మన్నప్పుడు పరిగెత్తు. నీకేం పోయింది?"

ఈ మాట నాకు కొత్త కాదు. హెడ్డు పరీక్షకు ఇద్దరం కడదామనుకున్నప్పుడు "ఒకే ఇంట్లో పోటీ ఏంటి, నువ్వు ఆగు. ఎవరి జీతమైనా ఇంటికే కదా, నీకేం పోయింది" అన్నారు. ఆగాను. అత్తగారి కాలు విరిగినప్పుడు "నీ సెలవులు ఊరికే పడున్నాయిగా, నీకేం పోయింది" అన్నారు. నా సెలవులన్నీ ఆవిడ మంచం పక్కనే అయిపోయాయి. ఆవిడ లేచి తిరగడం మొదలుపెట్టాక, చూడ్డానికి వచ్చినవాళ్ళతో "మావాడు నన్ను పువ్వుల్లో పెట్టి చూసుకున్నాడమ్మా" అని మురిసిపోయింది. నేను వాళ్ళకు కాఫీ కప్పులు అందిస్తూ విన్నాను. ఇక ఆఫీసులో ఆయన చేసే తప్పుల్ని రోజూ చీకటి పడేదాకా కూర్చుని దిద్దేది నేను. పెద్దసారు మెచ్చుకుంటే ఆయన తల వంచి "ఏదో మీ దయ" అంటారు. ఆ పక్క బల్ల దగ్గర నేను కూర్చునే ఉంటాను.

మైదానంలో స్టోర్సు కెప్టెన్ రూలు చెప్పాడు. అందరూ ఆయన్ని గుండు సారంటారు. "ఆడవాళ్ళకి బంతి కిందనుంచి మెల్లిగా వేస్తాం. వాళ్ళు అవుటైతే లెక్కలేదు. పరుగులు మాత్రం లెక్కే. మేడమ్ ఆటలో అరటిపండన్నమాట!"

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది మా ఆయనే.

ఆ రూలులోని లాభం కూడా ముందు తట్టింది ఆయనకే. బంతిని కొంచెం తట్టి కీపర్ దగ్గర్లోనే పడేసి "రా!" అని అరుస్తారు. తను ఇవతలి గీతకు తాపీగా చేరుకుంటారు. కీపర్ ఉన్న వైపుకు నేను పరిగెత్తాలి. వాడు వికెట్లు కొట్టేస్తాడు, నేను అవుట్, లెక్కలేదు. పరుగు మాత్రం ఆయన పేరున పడుతుంది. నా వంతు వస్తే బంతికి బ్యాటు తగిలించి మళ్ళీ పరుగు, మళ్ళీ ఆయన వంతు. స్టోర్సు వాళ్ళు గొణిగారు గానీ, రూలు పెట్టిందే వాళ్ళు. గట్టు మీద పెద్దసారు "బుర్రంటే అదయ్యా!" అని మా ఆయన్ని మెచ్చుకున్నారు.

ఒకసారి బోర్లా పడ్డాను. మోకాలి దగ్గర బట్ట చిరిగి, చర్మం లేచిపోయి, రక్తం వచ్చింది. "వదినా, సూపర్!" అని మా సెక్షన్ వాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను కుంటుకుంటూ ఆయన దగ్గరికి వెళ్ళాను.

"ఇంక నా వల్ల కాదండీ. వేరే ఎవర్నైనా పిలవండి."

ఆయన పక్కకు తిరిగి ఉమ్మారు. అది నా కాలి పక్కనే పడింది. "నలభై తొమ్మిది మీదున్నా. ఇంకొక్కటి కొడితే యాభై. ఎన్నిసార్లు అవుటైనా నీకేం పోయింది?" అన్నారు. మోకాలి వంక కూడా చూడలేదు.

నాకు రోత పుట్టింది. ఆయన చంకల్లో పచ్చబడిన చొక్కా, మూతి మీద ఆరిపోయిన ఉమ్మి, రేపు నేను కూర్చుని రుద్దాల్సిన ఆ తొడ. ఈ మనిషి పక్కన రోజూ పడుకుంటున్నానే అనిపించింది. ఆయన మీద ఎంత రోతో, రమ్మనగానే కదిలిపోయే నా కాళ్ళ మీదా అంతే రోత. పెంపుడు కుక్క కూడా ఒక్కోసారి పిలిస్తే రాదు.

తర్వాతి బంతి పడింది. ఆయన తట్టారు. "రా!"

నేను గీత దాటలేదు.

"రా! రావే!" అంటూ సగం దూరం వచ్చేశారు. అప్పటికి చూశారు నన్ను, బ్యాటు గీత లోపల ఆనించి నిలబడి ఉండగా.

"రాను" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగేలోపు కీపర్ వికెట్లు పడగొట్టాడు. ఈ అవుటుకు లెక్కుంది. ఆయన నా పక్కనుంచి వెళ్తూ పళ్ళు కొరికారు. "ఇంటికి పద, నీ పని చెప్తా." భయమేసింది. అబద్ధమెందుకు, బాగానే వేసింది.

ఆయన తర్వాత వచ్చిన క్యాషియరు నావైపు జాలిగా చూశాడు. "అన్నయ్య మాట వినుంటే బావుండేది వదినా. సర్లెండి, మీరు ఊరికే నిలబడండి, నేను చూసుకుంటా."

ఆ బంతితో ఓవరు అయిపోయింది. ఇప్పుడు అవతలి వైపు నుంచి బౌలింగ్, ఎదుర్కోవాల్సింది నేను. గుండు సారు చంటిపిల్లకు దొర్లించడానికన్నట్టు నడుం వంచి బంతి పట్టుకున్నాడు. నేను చెయ్యెత్తి ఆపాను.

"పైనుంచి వెయ్యండి సార్."

"దెబ్బ తగులుతుంది మేడమ్. ఎందుకొచ్చిన గొడవ?"

"తగలనివ్వండి. అవుటైతే అవుటనే రాయండి. నేను ఆడుతున్నాను."