ఎర్ర బొత్తం మీద టేపు

నేను ఒక మూడు బొత్తాల యంత్రాన్ని. ఆకుపచ్చ బొత్తం మీద నవ్వు మొహం, పసుపు బొత్తం మీద ఎటూ తేల్చని మొహం, ఎర్ర బొత్తం మీద ఏడుపు మొహం. నా నెత్తిమీద ‘ఈరోజు మీరు ఎలా ఉన్నారు?’ అని రాసి ఉంటుంది. ఎలా ఉన్నారో నొక్కి చెప్పొచ్చు. ఎందుకలా ఉన్నారో చెప్పుకోవడానికి మాత్రం నాలో ఎక్కడా చోటు లేదు. నన్ను తయారుచేసినవాళ్లకు ఆ రెండో ప్రశ్న తట్టనే లేదంటే నేను నమ్మను. తట్టే ఉంటుంది. జవాబు వినే ఓపిక లేక వదిలేశారు.

మొదట నన్నొక పెద్ద ఆస్పత్రిలో లిఫ్టు పక్కన బిగించారు. చూపు సరిగా ఆనని ఒక పెద్దాయన నన్ను లిఫ్టు బొత్తం అనుకుని ఆకుపచ్చ నొక్కాడు. తలుపు తెరుచుకోలేదు. మళ్లీ నొక్కాడు. అలా పదిహేడుసార్లు నొక్కి, విసుగొచ్చి, మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి పోయాడు. ఆ వారం ఆస్పత్రిలో సంతోషం బాగా పెరిగిందని డాక్టర్లు కేకు కోసుకున్నారు. మనుషుల తెలివిమీద నా కోపం అక్కడే మొదలైంది.

ఆ తర్వాత అనకాపల్లి అవతల ఒక చొక్కాల ఫ్యాక్టరీ నన్ను కొనుక్కుంది. కుట్టు హాలుకూ గేటుకూ మధ్య రేకుల షెడ్డు ఉంది. ఆడవాళ్లు అన్నాలు తినేది అక్కడే. ఆ షెడ్డు స్తంభానికి, గేటు కనిపించేటట్టు నన్ను బిగించారు.

ఆ షెడ్డులో నేను మొదటి వారం చూసిన సంగతి ముందు చెప్పాలి. ఒంటిగంటకు బెల్లు కొట్టగానే కాలర్లు కుట్టే లైనులోని ఇరవై ఇద్దరూ వచ్చి, నేలమీద పాత పేపర్లు పరిచి, కేరేజీలన్నీ మధ్యలో పెట్టేవాళ్లు. ఎవరి కూర వాళ్లు తినకూడదు, అదీ వాళ్ల పద్ధతి. నీ కూర పక్కావిడకు, ఆవిడది ఆ పక్కావిడకు. ఎండు నెత్తళ్ల చేపలు తెచ్చినావిడ తోటకూర పులుసు తిని, ఉప్పెక్కువైందని తిట్టి, మళ్లీ వేయించుకునేది. అందరికంటే పెద్దది వరహాలమ్మ, సూపర్‌వైజర్ నడకను కూర్చున్న చోటే భుజాలతో ఆడించి చూపించేది. మెతుకులు ముక్కుల్లోకి ఎక్కేటట్టు నవ్వేవాళ్లు. పొద్దున్నుంచీ గంటకింతని కాలర్లు కుట్టి మెడలు పట్టేసిన మనుషులు ఆ అరగంటలో మళ్లీ మనుషులయ్యేవాళ్లు. అప్పుడు నన్నెవరూ నొక్కలేదు. నొక్కాలని వాళ్లకు తోచనేలేదు.

రెండో వారం ‘ఆనంద మాసం’ వచ్చింది. ఆఫీసునుంచి హిమజ మేడమ్ వచ్చారు. సిబ్బంది బాగోగులు చూడటం ఆవిడ ఉద్యోగం. చెడ్డమనిషి కాదు, అదే నా బాధ. చెడ్డమనిషైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. రోజూ పది నిమిషాలు అందరూ నిలబడి చప్పట్లు కొట్టి, చేతులు పైకెత్తి హహ్హహ్హ అని నవ్వాలి, తర్వాత వరసలో వచ్చి నన్ను నొక్కాలి. అలా చేస్తే ఆరోగ్యం బాగుంటుందని ఆవిడ ఎక్కడో చదివారు. బాగుంటుందేమో, నాకు తెలియదు. ఆ పది నిమిషాలు ఎక్కణ్నుంచి వచ్చాయో మాత్రం తెలుసు. అన్నం అరగంటలోంచి కోశారు.

ఆ కోత నూకరత్నం మీద పడింది.

నూకరత్నానికి ఐదు నెలల పాప. రోజూ ఒంటిగంటకు అత్తగారు పాపను ఎత్తుకుని ఆటోలో గేటు దగ్గరికి వచ్చేది. నూకరత్నం కేరేజీ వరహాలమ్మకు అప్పగించి, గేటు పక్కన సెక్యూరిటీ గది నీడలో కూర్చుని పాలిచ్చేది. తనిఖీతో కలిపి వెళ్లడానికి ఐదు నిమిషాలు, రావడానికి ఐదు నిమిషాలు, పాపకు పదిహేను, తన రెండు ముద్దలకు ఐదు. అరగంట అంతవరకే సరిపోయేది. పాలిచ్చే తల్లికి వేరే విరామం ఇవ్వాలని చట్టంలో ఉంది. ఆ కాయితం నోటీసు బోర్డుకే అంటించి ఉండేది. ఆనంద మాసం కార్యక్రమాల జాబితాను సరిగ్గా దానిమీదే అంటించారు.

మొదటిరోజు పాప ఇంకా తాగుతుండగానే సూపర్‌వైజర్ ఈల వేశాడు. నూకరత్నం పాపను విడిపించి అత్తగారి చేతిలో పెట్టి పరుగెత్తుకొచ్చింది. గేటు దగ్గర పాప గుక్కపట్టి ఏడుస్తోంది. ఇక్కడ తక్కిన ఇరవై ఒక్కమందీ చేతులెత్తి నవ్వుతున్నారు. నూకరత్నం కూడా చేతులెత్తింది. ఏడుపు వినేసరికి పాలు చేపుకొచ్చి ఆమె యూనిఫాం నీలం కోటు రెండువైపులా తడిసింది. చేతులు దించి కప్పుకోబోతే, “పైకి, పైకి” అన్నాడు సూపర్‌వైజర్. అప్పుడు నాకు ఒళ్లు మండింది. యంత్రానికి ఒళ్లేమిటని మీరనొచ్చు. ఆ రోజు మీరక్కడ ఉండి ఉంటే అడిగేవాళ్లు కాదు.

వరసలో అందరూ ఆకుపచ్చ నొక్కారు, పక్కనే సూపర్‌వైజర్ నిలబడ్డాడు కాబట్టి. నూకరత్నం ఎర్రది నొక్కింది, వేలు నొప్పెట్టేటంత గట్టిగా.

రోజూ ఇరవై ఒక్క పచ్చలు, ఒక్క ఎరుపు. ఆ ఒక్క ఎరుపు ఎవరిదని నాలుగోరోజు మేడమ్ వచ్చి అడిగారు. నూకరత్నం దాచలేదు.

“నానేనండి.”

“చూడమ్మా, ఆనందం మనం ఎంచుకునేది. పరిస్థితులు ఎలా ఉన్నా పొద్దున్నే లేచి, నేనివాళ సంతోషంగా ఉంటానని గట్టిగా అనుకోవాలి. అనుకుంటున్నావా?”

“నా సంతోసం గేటుకాడుందండి. ఎంచుకుంటానంటే ఈల ఏసేస్తన్నారు. నాకు నవ్వడం నేర్పక్కర్లేదు మేడమ్, నా పది నిమిసాలు నాకిచ్చీండి.”

మేడమ్ మొహంలో ఏదో కదిలింది. చూశాను. పై ఆఫీసుతో మాట్లాడతానన్నారు, మాట్లాడారు కూడా. మర్నాడు పొద్దున్న ఎలక్ట్రీషియన్ వచ్చి నా ఎర్ర బొత్తం మీద నల్ల టేపు అంటించి ‘పనిచేయదు’ అని చీటీ పెట్టాడు. అది శుభ్రంగా పనిచేస్తోంది. నా మూడు బొత్తాల్లో నిజం చెబుతున్నది అదొక్కటే.

ఆ మధ్యాహ్నం నూకరత్నం టేపుమీదే నొక్కింది. మడతలు మడతలుగా అంటించిన టేపు, నాదాకా ఏమీ రాలేదు. ఇరవై ఒక్కమంది వచ్చారు, ఇరవై ఒక్కమందీ ఆనందంగా ఉన్నారని నేనే లెక్క పంపాను. ఆ లెక్క పంపినందుకు నామీద నాకు కలిగిన అసహ్యం ఇప్పటికీ పోలేదు.

నూటికి నూరు వచ్చిందని ఆనంద మాసాన్ని రెండో నెలకు పొడిగించారు. ఎండలు ముదిరాయి. ఒకరోజు అత్తగారు గేటు అవతలినుంచే చెప్పింది.

“ఏటే రత్నం, ఇది నోరెట్టీలోగా నువ్వు పరిగెడతావు. దీని ఏడుపు నాను సూడలేకపోతన్నాను. రేపట్నించి ఇంటికాడ సీసా పట్టీస్తాను.”

ఈల వినపడి నూకరత్నం పాపను మరోసారి నిమిరి పరుగెత్తింది.

మర్నాడు గేటు దగ్గర ఎవరూ లేరు. అయినా నూకరత్నం అలవాటుగా నాలుగడుగులు అటు వేసి ఆగిపోయింది. ఆరోజుకు వారం తర్వాత పై ఆఫీసునుంచి పెద్దలొచ్చారు. సూపర్‌వైజర్ ఈల వేశాడు. వరహాలమ్మ లేవలేదు. “మా ముద్ద అవ్వలేదు బాబూ” అని, నూకరత్నం పళ్లెంలో తన కూర వడ్డించింది. తక్కినవాళ్లూ లేవలేదు. ఎవరూ నినాదాలు చేయలేదు, ఎవరూ నావైపు రాలేదు. బెల్లు కొట్టేదాకా కూర్చుని తిని, పేపర్లు మడిచి లోపలికి పోయారు. ఆ రోజు నా లెక్క సున్నా.

పెద్దలు నా దగ్గరికి వచ్చి నన్ను రెండుసార్లు తట్టారు. ఆడవాళ్లను మాత్రం ఏమీ అడగలేదు. యంత్రం పాడైందని రాసుకున్నారు. యంత్రం లేకుండా ఆనంద మాసం జరపడం కుదరదు కాబట్టి కార్యక్రమం ఆపేశారు. పది నిమిషాలు వెనక్కి వచ్చేశాయి. తప్పు చేశామని ఎవరూ ఒప్పుకోలేదు. తప్పంతా నాదేనని తేలింది.

ఆ మధ్యాహ్నమే నూకరత్నం కబురు పెట్టింది. మర్నాడు ఒంటిగంటకు అత్తగారు పాపను తెచ్చింది. నూకరత్నం పరుగున వెళ్లి నీడలో కూర్చుని, పాపను ఒళ్లోకి తీసుకుని, కొంగు కప్పింది. పాప మొహం తిప్పేసుకుంది. ఇటు తిప్పితే అటు తిరిగింది. వెతుక్కుంటూ ఏడ్చింది. అది వెతుకుతున్నది సీసాకోసం. అప్పుడు నా స్క్రూలు ఇంకా ఊడదీయలేదు, అంతా చూశాను. మీరిచ్చిన పది నిమిషాలు మీ నెత్తిన కొట్టుకోండి అని అరవాలనిపించింది. అరిచే బొత్తం నాకు లేదు.

చాలాసేపటికి నూకరత్నం కళ్లు తుడుచుకుని అత్తగారి సంచిలోంచి సీసా తీసింది. పాప గబగబా తాగింది. తాగి, పాల మూతితో తల్లి గడ్డం పట్టుకుని లాగింది. నూకరత్నం నవ్వింది. ఆ నవ్వు ఎవరూ నేర్పింది కాదు. అంత పోయాక కూడా ఆమె తనంతట తాను ఎంచుకున్నది. అది నా మూడు బొత్తాల్లో దేనికిందకు వస్తుందో నాకు తెలియదు.

అటుగా పోతున్న హిమజ మేడమ్ ఆగి, ఫోను తీసి ఫొటో తీసుకున్నారు.

ఇప్పుడు నేను గేటు పక్కన ఇనుప సామాను కుప్పలో విరిగిన కుర్చీల మీద పడి ఉన్నాను. పాత సామాను బండి ఇవాళో రేపో వస్తుంది. నేనుండిన స్తంభానికి పెద్ద బోర్డు కట్టారు. ‘ఆనందాన్ని ఎంచుకుందాం’ అని రాసి, నూకరత్నం నవ్వు మొహం వేశారు. ఫ్యాక్టరీ బోర్డులో చంటిబిడ్డ ఎందుకనుకున్నారేమో, పాపనూ సీసానూ కత్తిరించేశారు. గడ్డం దగ్గర మాత్రం ఒక చిన్న చెయ్యి మిగిలిపోయింది. దాన్ని తీసేస్తే ఆ నవ్వు కూడా తెగిపోతుంది.