కోసేసిన నాలుగో భాగం

మీరే కోశారు. ఎవరో ఫ్యాక్టరీ యజమాని కాదు, చక్రవర్తి కాలం నాటి ముసలి దొర కాదు. మన కార్మిక సంఘం, మన కచేరీల కమిటీ, కోటుకి మన ఎర్ర బిళ్ళ పెట్టుకు తిరిగే కార్యదర్శి డాక్టర్ ట్రాగర్. వీస్‌బావర్ రాసిన సింఫనీకి, పెద్ద వాద్యబృందం వాయించే ఆ సంగీతానికి, నాలుగు భాగాలుంటే మూడు వాయించి మమ్మల్ని ఇంటికి తోలారు. ఆ నాలుగో దానికోసం ఊపిరి దాచుకుని బతికిన మనిషి ఒకడున్నాడు. ఆయన సంగతి చెబుతాను, కూర్చుని వినండి.

వెంజెల్ హ్రుబీది మా కార్మికుల ఇళ్ళ సముదాయంలో, మా మెట్లదారిలోనే మూడో అంతస్తు. వియన్నాకి దక్షిణాన ఇటుక బట్టీల్లో వయసంతా ధారపోసి, బదులుగా ఛాతీ నిండా దుమ్ము తెచ్చుకున్నాడు. బట్టీ బ్యాండులో బూర ఊదేవాడు. ఊదడానికి ఊపిరి చాలనప్పుడు పియానోకి మారాడు. నేను మా ఇళ్ళ ఉమ్మడి లాండ్రీలో పనిచేస్తాను, నాకూ పియానో ఆయనే నేర్పాడు.

మా దగ్గర ఒక పద్ధతుంది. కచేరీలో వినబోయే సింఫనీని ముందుగా మా చదువుల గదిలో పియానో మీద వింటాం. ఒకే పియానో, ఇద్దరు మనుషులు, నాలుగు చేతులు. పై సగం వెంజెల్‌ది, కింది సగం నాది. ఇరుగుపొరుగు చుట్టూ చేరేవాళ్ళు.

"వెంజెల్ మావా, ఇదేంటి ఇంత పొడుగు? మా ఆవిడ సణుగుడు కూడా ఇంతసేపుండదు," అనేవాడు ట్రాము కండక్టరు ఫెర్డ్ల్.

"నోరు మూసుకుని ఇను. ఈ వరస మళ్ళీ వస్తాది. వచ్చినప్పుడు చెయ్యెత్తాలి."

"ఎత్తకపోతే?"

"గసగసాల బన్ను నీకు లేదు."

అలా చేతులెత్తుతూ, బన్నులు తింటూ మూడు భాగాలు మావాళ్ళకి కంఠతా వచ్చాయి. నాలుగోది దగ్గరికి రాగానే వెంజెల్ స్వరాల పుస్తకం మూసేసేవాడు.

"ఇది పియానో పని కాదు తిల్డా. చూడు," అని ఒక మెట్టు నొక్కి వేలు అలాగే ఉంచేవాడు. మోగేది, సన్నబడేది, పోయేది. "సచ్చిపోయింది చూశావా? నా ఊపిరిలాగే. అక్కడ కచేరీలో తీగలోళ్ళు, వయొలిన్లోళ్ళు, డజన్లకొద్దీ కూకుంటారు. ఒకడి కమాను అయిపోయేలోపు పక్కోడు లాగుతా ఉంటాడు. సొరం సావదు. అది ఇనాలి నేను. ఒక్కసారి."

"ముందా కషాయం తాగి సావు," అనేది ఆయన భార్య బోజెనా.

"సచ్చేదే కదే. ఇనేసి సస్తాను."

కచేరీ ఆదివారం మధ్యాహ్నం. అంతకుముందు శుక్రవారం మాకోసం రిహార్సల్ తెరిచిపెట్టారు. వెంజెల్ రాలేదు, ఉన్న కాస్త ఊపిరీ ఆదివారానికి దాచాడు. మూడో భాగం కవాతు బాణీ. డప్పులూ ఇత్తడి బూరలూ కలిసి పైకప్పు ఎగరగొట్టినంత పనిచేశాయి. అది ఆగేసరికి మావాళ్ళకి తెలిసినదంతా అయిపోయింది. చప్పట్లు కొట్టారు, లేచారు, కోట్లు వేసుకున్నారు. "ఇంకోటుంది, కూర్చోండి!" అని నేను గొంతు చించుకున్నా ఆ రొదలో ఎవరికీ వినపడలేదు. బాల్కనీలో పత్రికలవాళ్ళు నవ్వారు. ట్రాగర్ చెవులు ఎర్రబడ్డాయి.

ఆదివారం వెంజెల్‌ని వంటింటి కుర్చీలో కూర్చోబెట్టి ఫెర్డ్లూ నేనూ మోసుకెళ్ళాం. పెళ్ళినాటి నల్లకోటు, ఒళ్ళో టోపీ. తెలిసిన వరస వచ్చినప్పుడల్లా మా వరుసంతా చేతులెత్తింది. ముందున్న పెద్దమనిషి వెనక్కి తిరిగి గుడ్లురిమాడు. వెంజెల్ మురిసిపోయాడు.

కవాతు ముగిసింది. హాలు చప్పట్లతో అదిరింది. వెంజెల్ కొట్టలేదు.

"కదలకు తిల్డా. ఇప్పుడే అసలుది. శ్రుతి సేసుకుంటన్నారు."

శ్రుతి కాదు. వయొలిన్లు పెట్టెల్లో పెట్టుకుంటున్నారు. ట్రాగర్ వేదికెక్కాడు. "కామ్రేడ్స్, ఆఖరి భాగం అలసిపోయిన పెద్దింటివాళ్ళ ఏడుపు. మనకది వద్దు. ఈ కవాతుతో ఇళ్ళకు నడుద్దాం!" మళ్ళీ చప్పట్లు. వెంజెల్ టోపీ అంచు పట్టుకుని ఖాళీ అవుతున్న వేదికకేసి చూస్తూ ఉండిపోయాడు.

నేను ట్రాగర్ని తలుపు దగ్గర పట్టుకున్నాను. "ఎందుకు కోశావు?"

"శుక్రవారం మధ్యలో లేచి వెళ్ళింది మీవాళ్ళే కదమ్మా. ఇప్పుడిప్పుడే వింటున్నవాళ్ళు. వాళ్ళకి అంత దుఃఖం కొత్త."

"దుఃఖం మాకు కొత్తా?"

అతనికి ఎవరో కారు తెచ్చారు, ఎక్కి పోయాడు.

ఆ గురువారం వెంజెల్ పోయాడు. పాతిపెట్టి వచ్చి అందరం చదువుల గదిలో చేరాం. గిన్నెల్లో సూపు చల్లారిపోతోంది, ఎవరూ ముట్టలేదు. బోజెనా లేచి పియానో మూత తెరిచింది.

"అది వాయించు తిల్డా. ఆయన ఇననిది."

"పై సగం నాకు రాదక్కా."

"వచ్చినంత వాయించు."

పుస్తకం తెరిచి, ఒక్క వేలితో పై సగం మొదలుపెట్టాను. మొదటి స్వరమే చాలా పొడుగు. మోగింది, సన్నబడింది, పోబోయింది. పోలేదు. బోజెనా పెదాలు మూసుకుని ఆ స్వరాన్ని గొంతులో పట్టుకుంది. ఆమె ఊపిరి తెగేలోపు ఫెర్డ్ల్ అందుకున్నాడు. అతని తర్వాత రొట్టెలమ్మే ఆవిడ, ఆవిడ తర్వాత ఇంకొకరు. నేను తరువాతి మెట్టు వెతుక్కునేంతసేపూ ఆ గదిలో స్వరం చావలేదు. తప్పులు దొర్లాయి. గంట పట్టిందో ఎంత పట్టిందో. ఒక్కరూ కోటు తొడుక్కోలేదు. అయిపోయాక చప్పట్లు లేవు. బోజెనా మూత వేసి, దానిమీద చెయ్యి ఆనించి నిలబడింది.

మాకు అర్థం కాదని కోశారు కదా? ఇప్పుడు కమిటీకి చెబుతున్నాను. అదే హాలు, అదే వాద్యబృందం, వచ్చే ఆదివారం. నాలుగు భాగాలూ వాయించాలి. కవాతు తర్వాత చప్పట్లు పడితే పడనివ్వండి, ఆగేదాకా ఓపిక పట్టి మొదలుపెట్టండి. వెంజెల్ కుర్చీ మేం మోసుకొస్తాం. ట్రాగర్ వేదిక ఎక్కకూడదు. ఆ ఖాళీ కుర్చీ పక్కన, బోజెనాకి ఇవతల కూర్చుని, ఆఖరి కమాను తీగ మీంచి లేచేదాకా వినాలి.