సాయంత్రం బండి గంట

సాయంత్రం బండి ఆగకుండా పోయిన మొదటి రోజే గంటమ్మ ఆ అన్యాయం కళ్ళారా చూసింది.

పట్టాల అవతల రాళ్ళ క్వారీ ఉంది. బండి కూత వినగానే అక్కడొక ముసలామె సుత్తి కిందపెట్టి, నడుం పట్టుకుని లేచింది. మేస్త్రీ వచ్చి ఆమె ముందున్న తట్టను కాలితో తన్నాడు. కంకర చెల్లాచెదురైంది. ఆమె ఏదో అడిగితే వాడు స్టేషన్ వైపు వేలు చూపించి నవ్వాడు. ముసలామె మళ్ళీ కూలబడి సుత్తి అందుకుంది. మిగతా రెండు వందల మందీ చీకటి పడేదాకా రాళ్ళు కొడుతూనే ఉన్నారు. వాడు తనవైపు వేలెందుకు చూపించాడో గంటమ్మకు అంతుపట్టలేదు.

ఆమె అసలు పేరు పలికేవాళ్ళు లేక చాలాకాలమైంది. భర్త పోయాక అతని పోర్టరు ఉద్యోగం ఆమెకిచ్చారు. పక్క స్టేషన్లో బండి బయల్దేరిందని ఫోను రాగానే, చూరుకు గంటలా వేలాడే రైలు పట్టా ముక్కను ఇనుప కడ్డీతో రెండు దెబ్బలు కొట్టాలి. పందొమ్మిదేళ్ళుగా అదే పని.

ఒకప్పుడు ఈ స్టేషన్ కళకళలాడేది. ఆ క్వారీ రాయితోనే దీని గోడలు లేచాయి, ఆ కూలీలు కొట్టిన కంకరే పట్టాల కింద పరిచారు. పాల క్యాన్లు, ఉత్తరాల సంచులు, పురిటికి వెళ్ళే ఆడవాళ్ళు, అందరికీ ఇదే దిక్కు. తర్వాత రోడ్డు పడింది. స్టేషన్ మాస్టరు బదిలీ అయ్యాడు, ఆయన కుర్చీలోకి ఎవరూ రాలేదు. నలుగురు పట్టే బెంచీ మీద గంటమ్మ ఒక్కతే కూర్చుని అన్నం తినేది. కొన్నాళ్ళు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నోరు విప్పే పనే ఉండేది కాదు.

ఇప్పుడు ఆర్డరొచ్చింది. ఇక్కడ బండ్లు ఆగవు, గంట కొట్టరాదు, నెలాఖరుకు తాళాలు అప్పగించాలి. గంటమ్మకు జంక్షనుకు బదిలీ. అది చెల్లెలుండే ఊరు! ఏడేళ్ళుగా అర్జీలు పెట్టుకున్న బదిలీ. కాగితం చూసి సంతోషం పట్టలేక ఏడ్చేసింది. ట్రంకుపెట్టె అప్పుడే సర్దేసింది.

సెలవు రోజు మధ్యాహ్నం క్వారీ జనం పట్టాలు దాటి వచ్చారు. అంతమందిని ఒక్కసారి చూసి గంటమ్మ కంగారుపడి, టిక్కెట్ల కిటికీ తెరవబోయింది.

"టిక్కెట్లకు రాలేదమ్మా," అంది ఆ ముసలామె. "నీ గంట కోసం వచ్చాం."

"నా గంటా?"

"ముప్పై ఏళ్ళ కిందట సమ్మె చేశాం. మా ఆయన్ని పోలీసులు కాల్చేశారు. అప్పుడు దిగొచ్చాడు ఇప్పటి క్వారీ కంట్రాక్టరు నాన్న. సాయంత్రం బండికి స్టేషన్ గంట కొట్టగానే పని ఆపాలని రాసిచ్చాడు. మా దగ్గర గడియారాలెక్కడివి? ఇప్పుడు వీడేమో, గంట కొట్టలేదుగా, కొట్టండి రాళ్ళు అంటున్నాడు."

"బండి ఆగకుండా పైన చక్రం తిప్పిందీ వీడే," అన్నాడు డ్రిల్లు పనివాడు. "ఆ పాత కాగితం చింపేసి కొత్తది రాయించుకుందాం!"

"చింపితే వాడికి అంతకన్నా ఏం కావాలిరా? కొత్తది రాసేదాకా సాయంత్రం పని ఆపే హక్కే ఉండదు మనకి," అంది ముసలామె.

"అయినా ఈవిడ గవర్నమెంటు మనిషి. మన వంక ఎందుకు చూస్తుంది?" వెనకనుంచి ఎవరో అన్నారు.

గంటమ్మకు రోషం వచ్చింది. "మీరు చూశారా నా వంక? ఇన్నేళ్ళలో ఒక్కరన్నా పట్టాలు దాటొచ్చి, బతికున్నావా అని అడిగారా?"

ముసలామె వచ్చి బెంచీ మీద ఆమె పక్కన కూర్చుంది.

"అడగలేదు, తప్పే. కానీ బండి లేటైతే ఆ డ్రైవర్ని నోరారా తిట్టేవాళ్ళం. గంట వినపడగానే నీ కడుపు చల్లగుండ అనుకునేవాళ్ళం. బలవంతం లేదు తల్లీ. కొడితే నీ ఉద్యోగానికి ముప్పు. ఆలోచించుకో."

తన గంట ఎవరికీ పట్టదనే అనుకుంది ఇన్నాళ్ళూ. రెండు వందల మంది రోజూ తన చేతి కోసం చెవులు రిక్కించి ఉన్నారని ఒక్కరూ చెప్పలేదు. ఆమెకు దుఃఖం వచ్చింది, కోపమూ వచ్చింది.

మర్నాడు సాయంత్రం ట్రంకుపెట్టె మీద కూర్చుంది. చెల్లెలి ఇల్లు, పిల్లల గోల, ఎవరో ఒకరు "తిన్నావా" అని అడగడం, అన్నీ కళ్ళముందు కదిలాయి. ఇంతలో బండి కూసింది. లేచి కడ్డీ అందుకుని రెండు దెబ్బలు కొట్టింది. అవతల సుత్తులన్నీ ఆగిపోయాయి.

మూడు రోజులు కొట్టింది. మూడు రోజులూ క్వారీ వేళకు ఖాళీ అయింది. బదిలీ రద్దయిందని కాగితం వచ్చింది. నాలుగో రోజు సాయంత్రం, బండి వేళకు కాస్త ముందు, కంట్రాక్టరు పోలీసు జీపులో దిగాడు.

"ఆగని బండికి గంటేమిటే? పిచ్చెక్కిందా?"

"బండి ఆగకపోతే పోనీ. పని ఆగాలిగా."

పోలీసులు పట్టా ముక్కను విప్పి జీపులో పడేశారు, దాని పక్కన ఆమెను కూర్చోబెట్టారు. రోడ్డు క్వారీ మీదుగానే పోవాలి. రైలు గేటు దగ్గర జీపు ఆగింది. సాయంత్రం బండికి గేటు వేసి ఉంది.

"ఏదీ, ఇప్పుడు కొట్టు," అన్నాడు కంట్రాక్టరు.

బండి వెళ్ళిపోయింది. క్వారీలో సుత్తుల చప్పుడు ఆగలేదు. గంటమ్మ తల వంచుకుంది. పోయింది, అంతా పోయింది అనుకుంది.

అప్పుడు సుత్తులు ఆగాయి. ఆ వెంటనే గునపాల మీద, డ్రిల్లు కడ్డీల మీద, లారీ చక్రాల మీద రెండు వందల సుత్తులు ఒక్కసారే పడ్డాయి. మళ్ళీ ఒక్కసారి. రెండే దెబ్బలు. ఏ ఒప్పందంలోనూ లేని గంట అది, ఎవరూ విప్పి పట్టుకుపోలేనిది.

గేటు లేచింది. అవతల రోడ్డు నిండా జనం, భుజాల మీద సుత్తులు. డ్రైవరు హారను మోగించాడు. ఎవరూ కదల్లేదు. ముసలామె ఒక్కతే పట్టాలు దాటి వచ్చి, జీపులోకి తొంగిచూసింది.

"బతికున్నావా, గంటమ్మా?"

"ఉన్నానక్కా," అంది గంటమ్మ.